ఇత్తడి తేలిన కెమెరాలు: పాత మెకానికల్ ఫిల్మ్ కెమెరాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రీలు కెమెరా మెడలో వేసుకుని తిరిగేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు. వాళ్లను ఆపి జనం అడిగే ప్రశ్నలు, కొత్తగా కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాను. డిజిటల్ గొప్పదా, ఫిల్మ్ గొప్పదా అన్న తగువు కోసం వచ్చినవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు.

రంగు ఊడి, అంచులు అరిగిన కెమెరా మీద అంత మోజెందుకు? కొత్తదానిలా మెరిసేదే కొనొచ్చు కదా?

కొనొచ్చు, తప్పేం లేదు. కానీ అరిగిన కెమెరాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నల్ల పెయింట్ కింద నుంచి ఇత్తడి పసుపుగా తేలి ఉంటుంది. అది ఎక్కడ పడితే అక్కడ తేలదు. రీలు తిప్పే లీవర్ కొనమీద, బొటనవేలు ఆనే చోట, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ గూడు మొనమీద, బెల్టు కొక్కేల చుట్టూ, అడుగున నాలుగు మూలల్లో తేలుతుంది. అంటే ఎవరి చేతులో ఏళ్ల తరబడి ఎలా పట్టుకున్నాయో ఆ గుర్తులన్నమాట. బెల్టు రింగు ఆడీ ఆడీ కొక్కెంలో చిన్న గాడి పడి ఉంటే ఆ కెమెరా బ్యాగులో కాకుండా మెడలోనే ఎక్కువ తిరిగిందని తెలుస్తుంది.

ఒక స్టూడియో యజమాని దగ్గర నల్ల నికాన్ ఎఫ్‌ఎం2 ఒకటి చూశాను. పెళ్లిళ్లకు వాడిన కెమెరా. ఫ్లాష్ తగిలించే గాడిలో ఒక మూల పసుపు రంగు మరక గట్టిపడిపోయి ఉంది. తలంబ్రాల వేళ పందిట్లో నిలబడి తీసేవాడి మీద అక్షింతలు పడకుండా ఎలా ఉంటాయి? రీలు వెనక్కి చుట్టే పిడి మడత కింద సగం విరిగిన బియ్యపు గింజ కూడా దొరికిందని ఆయన నవ్వాడు. కుడిచేతి వైపు లెదర్ నున్నగా అరిగి మెరుస్తోంది, ఎడమవైపు ఇంకా గరుకుగానే ఉంది. షట్టర్, అంటే ఫిల్మ్ మీదికి వెలుతురు వదిలే తెర, నొక్కి చూస్తే 1 సెకను నుంచి 1/4000 సెకను దాకా వేగాలన్నీ పలికాయి.

అసలు సంగతి అదే. పనిచేయని కెమెరాను ఎవరూ అరగదీయరు. రోజూ అన్నం పెట్టిన కెమెరాకు యజమాని సమయానికి సర్వీసింగ్ చేయిస్తాడు. ముప్పై ఏళ్లు బీరువాలో తళతళలాడుతూ కూర్చున్నదానిలో మాత్రం గ్రీజు గట్టిపడి, తలుపు అంచుల్లోని స్పాంజి జిగురుగా మారి, షట్టర్ సగంలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. రెండూ ఒకే ధరకు ఎదురుగా పెడితే నేను అరిగినదాన్నే ముందు తీసి చూస్తాను.

అయితే ఎంత అరిగితే అంత మంచిదా?

కాదు. అరుగుదల వేరు, దెబ్బ వేరు. పెయింట్ పోవడం అరుగుదల. లెన్స్ ముందుండే ఫిల్టర్ రింగు నొక్కుకుపోతే అది కిందపడిందని అర్థం. వ్యూఫైండర్ గూడు మీద సొట్ట ఉంటే లోపలి గాజు పగిలి ఉండొచ్చు. అన్నిటికంటే చెడ్డ గుర్తు మరల తలలు చెక్కుకుపోయి ఉండటం. సరైన స్క్రూడ్రైవర్ లేకుండా ఎవరో ఇంట్లో విప్పి బిగించారన్నమాట. అలాంటిదాన్ని రిపేరు చేసేవాళ్లు కూడా అయిష్టంగానే ముట్టుకుంటారు.

బాడీ ఎంత అరిగినా ఫర్వాలేదు, లెన్స్ మాత్రం శుభ్రంగా ఉండాలి. ఫొటో లోపలికి వచ్చేది గాజులోంచే కదా.

ఇత్తడి అన్ని పాత కెమెరాల్లోనూ ఉంటుందా?

ఉండదు. ఇత్తడి తుప్పు పట్టదు, అచ్చులో పెట్టి నొక్కితే పలచటి మూతగా చక్కగా వంగుతుంది, మరలు దానిలో గట్టిగా కూర్చుంటాయి. అందుకే 1925లో బజారులోకి వచ్చిన మొదటి లైకా కాలం నుంచి 1959 నాటి నికాన్ ఎఫ్ కాలం దాకా మంచి కెమెరాల పైమూతలకు దాన్నే ఎక్కువగా వాడారు. దాని మీద నల్ల పెయింట్ వేస్తే వాడకంలో పోతుంది. క్రోమ్ పూత గట్టిది, అంత సులభంగా పోదు. అందుకే వెండి రంగు కెమెరాలు యాభై ఏళ్లు వాడినా పెద్దగా ముసలివైనట్టు కనిపించవు.

1976లో వచ్చిన కానన్ ఏఈ-1 పైమూత చూడటానికి లోహంలా ఉంటుంది గానీ అది ప్లాస్టిక్ మీద వేసిన లోహపు పూత. లైకా కూడా 1984 నాటి ఎం6కు జింక్ మిశ్రమం మూత పెట్టి, అదే కెమెరాను 2022లో మళ్లీ తెచ్చినప్పుడు ఇత్తడికి తిరిగొచ్చింది. కొనేవాళ్లు అరుగుదలను కూడా చూస్తారని కంపెనీకి తెలుసని నా అనుమానం.

కొత్త కెమెరానే అరగదీసి అమ్ముతారట, నిజమేనా?

నిజమే. 2015లో అమెరికన్ సంగీతకారుడు లెన్నీ క్రావిట్జ్ రూపకల్పనతో లైకా 125 సెట్లు అమ్మింది. ఫ్యాక్టరీలోనే చేత్తో రంగు గీకి, ఇత్తడి తేల్చి ఇచ్చారు. చిరిగిన జీన్స్ డబ్బిచ్చి కొనడం లాంటిదే ఇదీ. నాకు నచ్చదు. ఇంట్లో ఉప్పుకాగితం పట్టుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. రాకుడు జాగ్రత్తగా చూస్తే దొరికిపోతుంది: చెయ్యి తగిలే చోట కాకుండా అందంగా కనిపించే చోట అరిగి ఉంటుంది.

మెకానికల్ అంటే అసలేమిటి? బ్యాటరీ అక్కర్లేదా?

ఫొటో తీయడానికి అక్కర్లేదు. మీరు లీవర్ తిప్పినప్పుడు లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే అది వదులై షట్టర్ తెరను లాగుతుంది. నిదానపు వేగాల్లో తెర ఎంతసేపు తెరుచుకుని ఉండాలో పళ్లచక్రాల వరుస ఒకటి తేలుస్తుంది. ఇందులో కరెంటుకు పనిలేదు. పెంటాక్స్ కె1000లో ఒక చిన్న సెల్లు ఉంటుంది గానీ అది వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. సెల్లు అయిపోయినా కెమెరా ఆగదు.

పాతదైతే చాలు మెకానికలే అనుకోకండి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కె1000, కానన్ ఏఈ-1 రెండూ 1976 నాటివే. కె1000 సెల్లు లేకపోయినా పనిచేస్తుంది, ఏఈ-1 సెల్లు లేకపోతే షట్టరే కొట్టదు. మనవాళ్ల ఇళ్లలో తరచుగా కనిపించే యాషికా ఎలక్ట్రో 35 కూడా పేరుకు తగ్గట్టు సెల్లు మీదే ఆధారపడుతుంది. ఎలక్ట్రానిక్ కెమెరా సర్క్యూట్ కాలిపోతే మార్చడానికి విడిభాగం దొరకడం కష్టం. స్ప్రింగు, పళ్లచక్రం అయితే బాగుచేసే చెయ్యి దొరికితే చాలు.

మీటరు పనిచేయకపోతే వెలుతురు ఎలా తెలుస్తుంది?

ఎండే చెబుతుంది. పూర్తి ఎండలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఎఫ్16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓకు, అంటే వెలుతురును పట్టే శక్తి చెప్పే అంకెకు, దగ్గరగా పెట్టాలి. 100 ఫిల్మ్ అయితే 1/125, 400 ఫిల్మ్ అయితే 1/500. ఏప్రిల్, మే మధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద ఈ లెక్క తప్పదు. పలచగా మబ్బు పడితే ఎఫ్11 లేదా 8. జూలైలో ముసురు పట్టిన రోజు ఎఫ్5.6. లాడ్‌బజార్ సందుల్లో నీడ ఉన్నచోట ఎఫ్4, అదీ చాలకపోతే వేగం తగ్గించాలి. కలర్ నెగిటివ్ ఫిల్మ్ కాస్త ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడల్లో బురద రంగు వస్తుంది. అనుమానం వస్తే ఒక మెట్టు (రెట్టింపు వెలుతురు) ఎక్కువే ఇవ్వండి. ప్రొజెక్టర్‌లో వేసి చూసే స్లైడ్ ఫిల్మ్‌తో ఈ ఉదారత వద్దు.

టెన్షన్ పడేవాళ్ల కోసం ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌లున్నాయి, బాగానే పనిచేస్తాయి. 1960ల కెమెరాల్లో కొన్నింటికి 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లు పెట్టేవారు. అవి ఇప్పుడు రావు. వాటి బదులు 1.5 వోల్టుల మామూలు సెల్లు వేస్తే మీటరు ముల్లు అబద్ధం చెప్పొచ్చు. ఫోన్‌తో ఒకసారి పోల్చి చూసుకోండి.

మొదటిసారి కొనేవాళ్లకు ఏది మంచిది?

పెంటాక్స్ కె1000, లేదంటే నికాన్ ఎఫ్‌ఎం, ఎఫ్‌ఎం2. కె1000ను 1976 నుంచి 1997 దాకా తయారు చేశారు కాబట్టి విడిభాగాల కోసం విప్పుకోవడానికి పాడైన బాడీలు కూడా దొరుకుతాయి. నికాన్ ఎఫ్‌ఎం 1977లో, ఎఫ్‌ఎం2 1982లో వచ్చాయి. మన ఫొటోగ్రఫీ విద్యార్థుల చేతుల్లో బాగా తిరిగిన ఎఫ్‌ఎం10 బాడీ ప్లాస్టిక్‌ది. అందులో ఇత్తడి అందం వెతక్కండి గానీ ఫొటోలకేం లోటుండదు. యాషికా ఎఫ్‌ఎక్స్-3 తక్కువలో వస్తే తీసుకోవచ్చు. దాని పైతోలు పొడిపొడిగా రాలి చొక్కాకు అంటుకోవడం మామూలే, కొత్త తోలు అతికిస్తే సరిపోతుంది.

విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొన్న తరానికి జెనిత్ పేరు కొత్త కాదు. జెనిత్-ఇ బరువైన మొద్దు కెమెరా. వేగాలు 1/30 నుంచి 1/500 దాకా మాత్రమే, పైన బి ఒకటి (మీట నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉంటుంది). వెలుతురుతోనే నడిచే సెలీనియం మీటరు కాబట్టి దానికీ సెల్లు అక్కర్లేదు. కెమెరా కంటే దాంతో వచ్చే హీలియోస్ 44-2 లెన్స్ కోసమే ఇప్పుడు ఎక్కువమంది కొంటున్నారు, వెనకున్న ఆకుల వెలుగులు సుడులు తిరిగినట్టు వస్తాయని. జోర్కీ, ఫెడ్ లాంటి సోవియట్ కెమెరాలు దొరికితే ఒక్క మాట గుర్తుంచుకోండి: ముందు లీవరో నాబో తిప్పి, ఆ తర్వాతే షట్టర్ వేగం మార్చాలి. తిప్పకుండా మారిస్తే లోపల దెబ్బతినే ప్రమాదం ఉంది.

లైకా గురించి అడగకండి. స్తోమత ఉన్నవాళ్లు ఈ పేజీ చదవకుండానే కొనేసి ఉంటారు.

మా తాతగారి అగ్ఫా క్లిక్ 3 ఉంది. అది పనికొస్తుందా?

భేషుగ్గా. ఆ కెమెరాలు మన బరోడాలోనే తయారయ్యేవి. 120 అనే వెడల్పాటి రీలు పడుతుంది, పన్నెండు చదరపు ఫొటోలు వస్తాయి. 120 రీలు ఇప్పటికీ దొరుకుతోంది. సర్దుబాట్లు పెద్దగా ఉండవు కాబట్టి ఎండ ఉన్నప్పుడే తీయండి. ఆ రోజుల్లో అందులో వేసింది చాలావరకు ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు రీలే అయ్యుంటుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి?

కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల కెమెరా దుకాణాల్లో మొదలుపెట్టండి. ధర కాస్త ఎక్కువ చెప్పినా, చేతిలోకి తీసుకుని నిదానంగా చూసుకోనిస్తారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్య అప్పుడప్పుడు ఒకటి కనిపిస్తుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మెరాత్ బజార్‌లో అదృష్టాన్ని బట్టి. సంతలో 'వర్కింగ్ కండిషన్ సార్' అంటే లీవర్ కదులుతోందని మాత్రమే అర్థం చేసుకోండి.

నన్నడిగితే అసలైన చోటు బజారు కాదు. మూతపడ్డ స్టూడియోలు. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు మీకు చుట్టాలుంటే 1990ల్లో పెళ్లి ఫొటోలు తీసినవాళ్ల గురించి అడగండి. వాళ్ల బీరువాలో లెదర్ కవరుతో సహా ఉంటుంది. కొందరు అమ్మరు, అది వాళ్ల ఇష్టం. అమ్మేవాళ్లతో మరీ గీచిగీచి బేరమాడకండి. కెమెరాతో పాటు ఏ మీట అంటుకుంటుందో, ఏ వేగం కొంచెం మందమో ఆయనే చెబుతాడు. ఆ సమాచారం ఏ దుకాణంలోనూ దొరకదు.

కొనే ముందు అక్కడికక్కడ ఏం పరీక్షించాలి?

ముందు చెవి పెట్టండి. వేగాన్ని 1 సెకను మీద పెట్టి నొక్కితే 'కిర్ర్‌ర్' మంటూ ఒకే లయలో పళ్లచక్రాలు తిరిగి, చివర టక్కుమని మూసుకోవాలి. మధ్యలో నత్తినత్తిగా ఆగినా, తెర సగంలో నిలిచిపోయినా లోపల నూనె ఎండిపోయిందన్నమాట. కోఠిలో ఒక ముసలి మెకానిక్ కెమెరాను చూడకుండానే, కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని 'తేల్ సూఖ్ గయా' అనేవాడు. తర్వాత వెనక తలుపు తెరిచి, లెన్స్‌ను వెలుతురు వైపు పెట్టి ఒక్కో వేగంలోనూ నొక్కండి. 1/30కీ 1/500కీ తేడా కంటికే తెలియాలి. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసుకుంటే నిదానపు వేగాలు ఇంకా బాగా తేలుతాయి.

కె1000 లాంటివాటిలో షట్టర్ తెర గుడ్డతో చేసింది. లెన్స్ తీసి, చీకట్లో ఒకవైపు నుంచి టార్చి వేస్తే చుక్కలుగా వెలుగు కారకూడదు. జోర్కీ, ఫెడ్ లాంటి అద్దం లేని కెమెరాను ఎవరైనా ఎండలో లెన్స్ పైకి పెట్టి వదిలేస్తే భూతద్దంలా పనిచేసి తెరను కాల్చేస్తుంది. తెరను మాత్రం వేలితో ముట్టకండి.

లెన్స్ ఎపర్చర్ రేకులు పొడిగా ఉండి చటుక్కున మూసుకోవాలి, నూనె మరక ఉంటే అవి మందగిస్తాయి. సెల్లు గది మూత విప్పితే పచ్చగా చిలుము ఉందేమో చూడండి. కొద్దిగా ఉంటే వెనిగర్‌తో పోతుంది, తీగ దాకా పాకితే మీటరు మీద ఆశ వదులుకోవాలి. వెనక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది. మన ఎండలకు అది తారులా కరిగి వేలికి అంటుకుంటుంది. దాని గురించి భయపడక్కర్లేదు, చవకగా మార్చుకోవచ్చు, కానీ మార్చకుండా రీలు వేస్తే ఫొటోల మీద ఎర్రటి చారలు వస్తాయి. వ్యూఫైండర్‌లో దుమ్ము చూసి కొనకుండా వచ్చేసేవాళ్లున్నారు. అది ఫొటోలో రాదు.

ఫంగస్ సంగతేమిటి?

లెన్స్ లోపల టార్చి వేసి, వెనక నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అదే. కొత్తగా పట్టింది తుడిస్తే పోతుంది, పాతది గాజు మీది పూతను తినేస్తుంది. ఎండాకాలం మన ఊరు పొడిగానే ఉంటుంది, జూన్ నుంచి అక్టోబర్ దాకానే జాగ్రత్త. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వద్దు, ఆ పిండి దుమ్ము లోపలికి పోతుంది. లెదర్ కవరులో అసలు దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

రిపేరు చేసేవాళ్లు ఇంకా ఉన్నారా?

ఉన్నారు గానీ తగ్గిపోతున్నారు. కోఠి దుకాణాల్లో అడిగితే ఎవరి దగ్గరికి పంపాలో వాళ్లకే తెలుసు. వారంలో ఇస్తానంటే నెల అనుకోండి. కెమెరా ఇచ్చే ముందు లోపం ఏమిటో కాగితం మీద రాసి ఇవ్వండి, 'ఒకసారి మొత్తం చూడండి' అంటే ఏదీ చూడరు. పాత గ్రీజు తీసి, కొత్త నూనె వేసి, వేగాలు సరిచేయడమే సర్వీసింగ్. కెమెరా ధర కంటే దానికి ఎక్కువైనా ఆశ్చర్యపోకండి.

మళ్లీ నల్లరంగు వేయించమంటారా?

వద్దు.

రీలుకు ఎంతవుతుంది?

ధరలు మారుతూనే ఉంటాయి. రీలు, దాన్ని కడగడం (డెవలప్ చేయడం), స్కానింగ్ మూడూ కలిపి రీలులో వచ్చే 36 ఫొటోలతో భాగించుకోండి. వచ్చిన అంకె చూశాక షట్టర్ మీద వేలు దానంతట అదే నెమ్మదిస్తుంది. ఈ కెమెరాలు మనిషిని ఓపికగా చూడటం నేర్పుతాయని చెబుతారు కదా, అందులో సగం గొప్పతనం రీలు ధరదే.

సినిమా రీలును చిన్న డబ్బాల్లోకి చుట్టి అమ్మేవాళ్లున్నారు. సినిమా ఊరు కాబట్టి ఇక్కడ దాని మీద ఆసక్తి ఎక్కువ. రంగులు బాగుంటాయి, కానీ ఆ ఫిల్మ్ వెనక రెమ్‌జెట్ అనే నల్లటి పొర ఉంటే మామూలు కలర్ ల్యాబ్ మిషన్‌లో వేయకూడదు, మిషన్‌లోని రసాయనాలన్నీ పాడవుతాయి. చెప్పకుండా ఇవ్వకండి, పాపం.

ఇంట్లోనే కడగొచ్చా?

బ్లాక్ అండ్ వైట్ అయితే తప్పకుండా. డెవలపింగ్ ట్యాంకు, రెండు మూడు రసాయనాలు, రీలు ట్యాంకులోకి ఎక్కించడానికి చీకటి బ్యాగు చాలు. డార్క్ రూమ్ అక్కర్లేదు.

కష్టమంతా నీళ్లతోనే. డి-76 లాంటి డెవలపర్లకు (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే రసాయనాలకు) 20 డిగ్రీలు పెట్టుకుని లెక్కలు రాస్తారు. మే నెలలో మన మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. రంగు ఫిల్మ్‌కు 38 డిగ్రీలు కావాలి కాబట్టి ఎండాకాలంలో ఆ పని తేలిక, బ్లాక్ అండ్ వైట్ పనే కష్టం! ఐసు ముక్కలు డెవలపర్‌లో వేయకండి, పలచబడిపోతుంది. బకెట్‌లో ఐసు నీళ్లు పోసి, డెవలపర్ సీసాను, ట్యాంకును, కడిగే నీళ్ల సీసాను అందులో పెట్టండి. 24 డిగ్రీల దాకా పర్లేదు, దానికి తగ్గట్టు సమయం తగ్గించాలి. అయిదు నిమిషాల కంటే తక్కువకు వస్తే డెవలపింగ్ అక్కడక్కడ ఎక్కువతక్కువలుగా వస్తుంది. డెవలపర్ చల్లగా ఉండి, కడిగే నీళ్లు వేడిగా ఉన్నా ఫిల్మ్ పొర దెబ్బతింటుంది. అన్నీ ఒకే వేడిలో ఉండాలి.

బోరు నీళ్ల అపార్ట్‌మెంట్ అయితే ఇంకో సమస్య. ఆరిన నెగిటివ్ మీద తెల్లటి సున్నపు చుక్కలు. చివరిసారి జాడించడానికి మాత్రం డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మేదే. ఆరేసేది బాత్రూమ్‌లో, తలుపు మూసి, ఫ్యాన్ లేకుండా. మన ఊళ్లో మెట్రో పిల్లర్లు లేచిన దగ్గర్నుంచీ దుమ్ము తగ్గిన వీధి నేను చూడలేదు.

విమానంలో తీసుకెళ్తే రీలు పాడవుతుందా?

చెక్-ఇన్ సామానులో అస్సలు పెట్టకండి, అక్కడి స్కానర్లు బలమైనవి. చేతి సామానులో పెట్టినా కొత్తరకం సీటీ స్కానర్లు ఫిల్మ్‌ను మసకబారుస్తాయి. రీళ్లను పారదర్శకమైన కవరులో వేసి, శంషాబాద్‌లో భద్రతా సిబ్బందిని మర్యాదగా అడిగితే చేత్తో చూసి ఇవ్వొచ్చు. ఇవ్వకపోవచ్చు కూడా. వరస ఖాళీగా ఉన్నప్పుడు అడగండి.

ఫోన్‌లో ఇంతకంటే మంచి ఫొటో వస్తుంది కదా?

చాలాసార్లు వస్తుంది. చీకట్లో అయితే ఎప్పుడూ వస్తుంది. ఈ కెమెరా పట్టుకునేది ఫొటో నాణ్యత కోసమే అనేవాళ్ల మాట నేను నమ్మను. లీవర్ బిగుతు, ఫోకస్ రింగు తిరిగే మెత్తదనం, అద్దం లేచి పడే చప్పుడు ఇవన్నీ కావాలనుకునేవాళ్లకే ఇది. 2024లో పెంటాక్స్ కొత్తగా తెచ్చిన ఫిల్మ్ కెమెరా పెంటాక్స్ 17కు కూడా మోటారు కాకుండా చేత్తో తిప్పే లీవరే పెట్టారంటే, కొనేవాళ్లకు ఏం కావాలో వాళ్లకు అర్థమైనట్టే.

ఇంకో లాభం ఉంది. చార్మినార్ దగ్గర పెద్ద డిజిటల్ కెమెరా తీస్తే జనం ముఖం తిప్పుకుంటారు, లేదా ఏ చానెల్ అని అడుగుతారు. ఇత్తడి తేలిన పాత కెమెరా తీస్తే పెద్దవాళ్లు దగ్గరికొస్తారు. 'రీలు దొరుకుతోందా బాబూ ఇంకా?' అన్నది మొదటి ప్రశ్న. రెండోది వాళ్ల దగ్గరున్న కెమెరా గురించి. 1880ల్లోనే రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన ఊరు ఇది. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరిగే రోజుల్లో వెళ్తే మీలాంటివాళ్లు ఇంకా కనిపిస్తారు.

పెట్టుబడిగా కొనొచ్చా?

బంగారం కొనుక్కోండి.

పాత కెమెరాలో సగం వాడిన రీలు ఉంది. ఏం చేయాలి?

వెనక తలుపు తెరవకండి. ముందు రీలు వెనక్కి చుట్టే పిడిని మెల్లగా తిప్పి చూడండి. బిగుతుగా తగిలితే లోపల రీలు ఉన్నట్టే. అడుగునున్న చిన్న మీట నొక్కి, పిడిని బాణం గుర్తు వైపు నిదానంగా తిప్పాలి. ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న ఫిల్మ్ పెళుసుగా ఉంటుంది, తొందరపడితే తెగుతుంది. ఒక్కసారిగా వదులైనట్టు అనిపించాక ఇంకో రెండు చుట్లు తిప్పి, అప్పుడు తెరవండి. అగ్ఫా క్లిక్ లాంటి 120 కెమెరా అయితే వెనక్కి కాదు, చివరిదాకా ముందుకే చుట్టాలి.

డబ్బా మీద పేరు, ఐఎస్ఓ ఫొటో తీసుకుని ల్యాబ్‌కు పంపండి. పాత రీలని, ఎన్నేళ్లదో తెలిస్తే అదీ చెప్పండి. రంగు రీలైనా బ్లాక్ అండ్ వైట్‌గా కడిగితే ఏదో ఒక బొమ్మ దక్కే అవకాశం ఎక్కువ, ఆ పని చేసే ల్యాబ్‌నే వెతకండి. ఇంట్లో ముందే అందరికీ చెప్పి ఆశపెట్టకండి, మూడు వంతులు ఖాళీగా వచ్చినా ల్యాబ్ వాళ్ల మీద అరవకండి. వచ్చినవాటిలో ఎవరున్నారో గుర్తుపట్టడానికి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకోండి. స్కాన్లు పెద్ద సైజులో అడగండి, నెగిటివ్‌లు తప్పకుండా వెనక్కి తెచ్చుకోండి.